చెరగని గుర్తు – ఎదిగే దేహం: సింగరేణి బొగ్గుప్రాంతంలో పిల్లల చెవికుట్లు, పచ్చబొట్లు, తల్లిదండ్రుల అనుమతి

వ్యాససంగ్రహం:
పిల్లలు పచ్చబొట్టు పొడిపించుకుంటామన్నా, చెవికో ముక్కుకో అదనంగా కుట్టించుకుంటామన్నా తల్లిదండ్రులు ఒప్పుకోవాలా వద్దా అన్నది సాధారణంగా తరాల మధ్య అభిరుచి తగాదాగా చర్చకు వస్తుంది. రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో ఈ ప్రశ్నకు మరో నేపథ్యం ఉన్నది. ఇక్కడి కుటుంబాల్లో తల్లిదండ్రులు అనుమతి ఇచ్చేవారు కారు. బిడ్డ దేహంపై గుర్తు వేయించేవారే వారు. ఆ స్థానం తారుమారైనందువల్ల పుట్టిన సందిగ్ధాన్ని సంప్రదాయం, వైద్యం, చట్టం, ఉద్యోగ నియమాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చెవి తమ్మెకు వేసే కుట్టునూ పచ్చబొట్టునూ ఒకే గాటన కట్టరాదనీ, 18 ఏళ్ళలోపు పచ్చబొట్టుకు తల్లిదండ్రుల సమ్మతి సరిపోదనీ వాదిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, పచ్చబొట్టు, కర్ణవేధ, సమ్మతి, సంరక్షకత్వం, బాల్యం.

1. ఉపోద్ఘాతం

గోదావరిఖని బొగ్గుబాయిల చుట్టూ పుట్టిన ఊరు. 1960ల ఆరంభంలో రామగుండం బొగ్గుక్షేత్రంలో తవ్వకాలు మొదలైన తర్వాత నాటి కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలతో ఇక్కడి కార్మికవాడలు నిండాయి. 1920లో ఇప్పటి పేరు పొందిన సింగరేణి కాలరీస్ కంపెనీలో నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. కంపెనీ క్వార్టర్లు కులాన్ని బట్టి కాక ఉద్యోగాన్ని బట్టి దక్కేవి. అందువల్ల పల్లెలో వేర్వేరు వాడల్లో బతికినవారు ఇక్కడ పక్కపక్క గడపల్లో కాపురం పెట్టారు. పల్లె వదిలివచ్చినా పిల్లల చెవులు కుట్టించే వేడుకను, పుట్టువెంట్రుకల మొక్కును, చేతిమీది పచ్చబొట్టును వెంట తెచ్చుకున్నారు.

ఆ మొదటి తరం మనుమలు ఇప్పుడు పదో తరగతి, ఇంటర్ చదువుతున్నారు. చెవికి రెండో కుట్టు కావాలని ఒకరు, ముంజేతిపై అమ్మ పేరు రాయించుకుంటానని మరొకరు అడుగుతారు. ఇంట్లో గొడవ మొదలవుతుంది. గొడవలో ఇరుపక్షాలూ మరచిపోయే విషయం ఒకటున్నది. కాదంటున్న తండ్రి చెవికి చిన్ననాటి కుట్టు ఆనవాలు ఉంటుంది. అమ్మమ్మ నుదుట, గడ్డాన పచ్చని చుక్కలుంటాయి. అవి పడినప్పుడు వారినెవరూ అడగలేదు.

2. ఒడిలో కుట్టిన చెవి

కర్ణవేధను షోడశ సంస్కారాలలో ఒకటిగా లెక్కించే సంప్రదాయం ఉన్నది. వైద్యపరంగా దీని వివరణ సుశ్రుత సంహితలోని సూత్రస్థానం 16వ అధ్యాయంలో కనిపిస్తుంది. శిశువు ఆరో నెలలో గాని ఏడో నెలలో గాని, రక్షణ కోసమూ అలంకారం కోసమూ చెవులు కుట్టాలని సుశ్రుతుడు చెప్పాడు. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి. సూర్యకాంతిలో చెవిని పరీక్షించి సహజంగా పలుచగా ఉన్న చోటనే గుచ్చాలన్నాడు. తప్పుచోట గుచ్చితే కలిగే నొప్పిని, జ్వరాన్ని, వాపును కూడా పేర్కొన్నాడు. తెగిన చెవి తమ్మెలను అతికించే పద్ధతులు కూడా అదే అధ్యాయంలో ఉండటాన్ని బట్టి, కుట్టు వికటించడం ఆనాటికీ అరుదైన సంగతి కాదని ఊహించవచ్చు.

ఆ వర్ణనలో నేటి చర్చకు అక్కరకొచ్చే వివరం మరొకటి ఉన్నది. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, ఆటవస్తువులు చూపి మరిపించి, బుజ్జగిస్తూ కుట్టాలన్నాడు శాస్త్రకర్త. సమ్మతి అడగడానికి వీలులేని వయసులో దాని స్థానాన్ని మరిపింపు తీసుకున్నది. తెలంగాణ పల్లెల్లోనూ ఇదే దృశ్యం. వేములవాడ రాజన్న సన్నిధిలోనో ఓదెల మల్లన్న సన్నిధిలోనో పుట్టువెంట్రుకలు తీయించి, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, అవుసులాయనతో బంగారు తీగ పెట్టి చెవులు కుట్టిస్తారు. బంగారం మేనమామది, మొక్కు తల్లిదండ్రులది, ఏడుపు బిడ్డది. ఏడుపు ఆగేలోగా చేతిలో బెల్లంముక్కో బొమ్మో ఉంటుంది.

దీన్ని క్రూరత్వమని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. తెలుగునాట పుట్టిన పిల్లలు వరుసగా చనిపోతే ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్పపై దొర్లించి, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టి, మగపిల్లవాడైనా ముక్కు కుట్టించే ఆచారం ఉండేది. మృత్యువు కంటికి ఈ బిడ్డ విలువలేనివాడిగా కనిపించాలన్నది నమ్మకం. తెలంగాణలో పెంటయ్య అన్న పేరు ఎంత విరివిగా ఉండేదో గమనిస్తే ఆ భయం ఎంత లోతైనదో తెలుస్తుంది. ఆ ముక్కుకుట్టు సోకు కాదు. బిడ్డ దక్కాలన్న తండ్లాట చర్మంపై మిగిల్చిన ఆనవాలు అది. తల్లిదండ్రులు బిడ్డ దేహంపై తీసుకున్న అధికారానికి మూలంలో ఆధిపత్యం ఒక్కటే లేదనీ, భయమూ ఉన్నదనీ దీనివల్ల గ్రహించవచ్చు.

3. పచ్చబొట్టు: ఎవరు పొడిచారు, ఎవరికి పొడిచారు

తెలుగు ప్రాంతంలో పచ్చబొట్లు పొడిచే పని ఎక్కువగా ఎరుకల స్త్రీల చేతిలో ఉండేది. సోది చెప్పడంతో పాటు పచ్చబొట్లు పొడవడం వారి సంచార వృత్తిలో భాగం. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలపై చేసిన సంకలనాలలో వీరి ప్రస్తావన ఉన్నది. గోదావరికి ఉత్తరాన, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని గోండు గూడేలలో ఈ పని తోటి స్త్రీలది. తోటివారు గోండుల వంశగాథలను పాడే సముదాయం. పురుషులు గాథ పాడితే స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. ఒకరు వంశాన్ని చెవిలో వేస్తే మరొకరు చర్మంపై వేశారన్నమాట. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనులకు గోండు గూడేలు ఎంతో దూరంలో లేవు. కనుక ఈ సంప్రదాయం బొగ్గుప్రాంతానికి పరాయిది కాదు.

చుక్కలు, తేలు బొమ్మ, భర్త పేరు, అన్నదమ్ముల పేర్లు – ఇవి పల్లె స్త్రీల చేతులపై సాధారణంగా కనిపించేవి. చనిపోయాక నగలన్నీ ఒలిచేసినా పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందన్న నమ్మకం తెలుగు స్త్రీలలోనూ గోండు స్త్రీలలోనూ ఉన్నది. సొంత ఆస్తి అంటూ లేని స్త్రీకి ఎవరూ గుంజుకోలేని ఆస్తి అదొక్కటే. అయితే ఆ ఆస్తిపై రాసి ఉన్నది తరచుగా ఇంకొకరి పేరు!

ఈ గుర్తులన్నింటిలో ఉమ్మడి లక్షణం ఒకటే. అవి వ్యక్తి ఎంచుకున్నవి కావు, సమూహం వేసినవి. ఎవరి బిడ్డ, ఏ తెగ, ఎవరి భార్య అన్న ప్రశ్నలకు దేహమే జవాబు చెప్పేది. నేటి పిల్లలు కోరే టాటూ దీనికి భిన్నం. అది "నేను ఎవరినో నేనే చెప్పుకుంటాను" అంటుంది. పెద్దలకు గుర్తుతో పేచీ లేదు. గుర్తు వేయించే అధికారం చేతులు మారడంతోనే పేచీ. పసితనంలో కొడుకు చెవులు కుట్టించి ఫొటో తీయించి గోడకు తగిలించిన ఇల్లే, పదహారేళ్ళకు అతను మూసుకుపోయిన ఆ రంధ్రాన్ని మళ్ళీ తెరిపించి స్టడ్ పెట్టుకుంటే "రౌడీలెక్క ఉన్నవు" అంటుంది. ఆడపిల్ల విషయంలో ఇది తిరగబడుతుంది. ముక్కు కుట్టించుకోనని ఆమె అంటే పెళ్ళినాటికైనా తప్పదంటారు. చెవి పైభాగాన మరో కుట్టు కావాలంటే మాత్రం అది సోకు అవుతుంది. కాబట్టి "అనుమతించాలా" అనే ప్రశ్న సగం ప్రశ్నే. బలవంతపెట్టవచ్చునా అన్నది దాని మిగతా సగం.

4. బొగ్గు రాసిన గుర్తు

ఈ ప్రాంతంలో మరో రకం పచ్చబొట్టు ఉన్నది. దాన్ని ఎవరూ పొడిపించుకోలేదు. భూగర్భ గనిలో పైకప్పు పెళ్ళ రాలి చర్మం చీరినప్పుడు గాయంలోకి బొగ్గుపొడి చేరుతుంది. శుభ్రం చేయకముందే గాయం మానితే ఆ పొడి చర్మం లోపలి పొరలో ఉండిపోయి నీలిమచ్చగా మిగులుతుంది. దీన్ని వైద్యులు ప్రమాదవశాత్తు ఏర్పడే పచ్చబొట్టుగానే వర్గీకరిస్తారు. ఇది అన్ని దేశాల బొగ్గుకార్మికులకూ ఉన్నదే. ఇంగ్లండు గని కార్మికుల ముక్కులపై, నుదుళ్ళపై నీలి మచ్చలను జార్జ్ ఆర్వెల్ 1937లో వెలువడిన తన పుస్తకంలో ప్రత్యేకంగా వర్ణించాడు. కోల్‌ఫిల్లర్‌గా, టింబర్‌మన్‌గా బాయిలో దిగిన తరంలో ఇటువంటి మచ్చలు మోచేతులపై, వీపుపై ఉండటం వింత కాదు. ఉపరితల గనులు పెరిగి, తట్టా చెమ్మసు పని పోయి యంత్రాలు వచ్చాక ఇవి తగ్గుతూ వచ్చాయి.

ఇక్కడ చట్టం చెప్పిన ఒక వయసును గుర్తుంచుకోవాలి. 1952 నాటి గనుల చట్టం, శిక్షణార్థుల విషయంలో ఇచ్చిన మినహాయింపు తప్ప, 18 ఏళ్ళు నిండనివారిని గనిలో పనికి పెట్టుకోరాదని నిర్దేశించింది. తండ్రి కార్మికుడైనా, ఇంట్లో ఎంత అవసరం ఉన్నా, తల్లిదండ్రుల సమ్మతిపత్రం తెచ్చినా ఆ వయసు మారదు. దేహానికి కోలుకోలేని నష్టం జరగగల చోట కుటుంబం ఒప్పుకోలును చట్టం లెక్కలోకి తీసుకోదన్నమాట.

5. సూది, సిరా, చర్మం

చెవి తమ్మెకు వేసే కుట్టుకూ పచ్చబొట్టుకూ చర్మం స్పందించే తీరు వేరు. తమ్మెలో ఎముకగాని మృదులాస్థిగాని లేదు; రక్తప్రసరణ బాగా ఉంటుంది; పుండు త్వరగా మానుతుంది. పోగు తీసేస్తే రంధ్రం చాలాసార్లు కుంచించుకుపోతుంది. చెవి పైభాగం అలా కాదు. అక్కడి మృదులాస్థికి నేరుగా రక్తనాళాలు లేవు. దాన్ని కప్పి ఉంచే పొర నుంచే పోషణ అందాలి. ఆ పొరకు చీము పడితే, ముఖ్యంగా సూడోమోనాస్ బ్యాక్టీరియా చేరితే, చెవి ఆకారమే చెడిపోవచ్చు. నగల దుకాణాల్లో, బ్యూటీ పార్లర్లలో వాడే "గన్" మొద్దు స్టడ్‌ను బలంగా తోస్తుంది. చాలా గన్‌లలోని ప్లాస్టిక్ భాగాలను ఆవిరియంత్రంలో పెట్టి శుద్ధి చేయడం కుదరదు. అందుకే మృదులాస్థికి గన్ వాడకూడదని వైద్యులు చెబుతారు. ఒకే తీగను ఒకే బిడ్డకు వాడిన పాతకాలపు అవుసులాయన ఈ ఒక్క విషయంలో మెరుగేమో! అయితే ఆ తీగను ఆయన ఏ మేరకు శుభ్రపరిచేవాడన్నది వేరే సంగతి.

"పిల్లలు పెద్దై స్వయంగా కోరుకునేవరకు ఆగితే సరిపోతుంది కదా" అన్నది న్యాయంగా వినిపించే వాదన. వైద్యం దీన్ని పూర్తిగా బలపరచదు. కుట్టు పడిన చోట గాయపు కండ అతిగా పెరిగి గడ్డకట్టడాన్ని కెలాయిడ్ అంటారు. ముదురు చర్మఛాయ గలవారిలో ఇది ఎక్కువ. పదకొండేళ్ళు, ఆపై వయసులో చెవి కుట్టించుకున్నవారిలో అంతకు ముందే కుట్టించుకున్నవారి కంటే కెలాయిడ్ ఎక్కువగా కనిపించిందని 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం సూచించింది. అంటే ఆగడానికి కూడా ఒక మూల్యం ఉన్నది. కుటుంబంలో ఎవరికైనా కెలాయిడ్ వచ్చిన చరిత్ర ఉంటే ఏ వయసులోనూ అదనపు కుట్ల జోలికి పోకపోవడమే మేలు.

పచ్చబొట్టు సంగతి మరీ వేరు. సూది సిరాను పై చర్మానికి కింద ఉండే అంతశ్చర్మంలోకి దింపుతుంది. పై పొర కొద్ది వారాలకొకసారి కొత్తదవుతుంది గాని అంతశ్చర్మం అలా రాలిపోదు. అక్కడి భక్షక కణాలు సిరా రేణువులను మింగి పెట్టుకుంటాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు విడుదలైన రేణువులను కొత్తగా వచ్చిన కణాలు మళ్ళీ మింగుతాయని ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో చూపారు. పచ్చబొట్టు చెరగకపోవడానికి సిరా కదలకపోవడం కారణం కాదు. దేహం దాన్ని తరతరాలుగా చేతులు మార్చుకుంటూ కాపాడుతుండటమే కారణం. లేజర్‌తో తొలగించాలంటే అనేక విడతలు పడుతుంది. ముదురు చర్మంపై తెల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ.

ఇతర ప్రమాదాల్లో ముఖ్యమైనది సూదిది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి వైరస్‌లు సంక్రమించవచ్చు. జాతరల్లో బ్యాటరీ యంత్రంతో పొడిచేవారి దగ్గర ఒకే సిరాగిన్నెలో వరుసగా పది మంది చేతులకు సూది ముంచడం జరిగితే, సూది మార్చినా ప్రయోజనం లేదు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లో నాలుగు వేలకు పైగా రసాయనాలపై పరిమితులు విధించింది. జాతర సిరాగిన్నెలో ఏమున్నదో అడిగే అలవాటు ఇక్కడ ఇంకా రాలేదు. రక్తదానానికి సంబంధించి కూడా పచ్చబొట్టో కుట్టో వేయించుకున్నవారిని ఏడాదిపాటు ఆపుతారు.

6. చట్టం ముందు సమ్మతి

బ్రిటన్ 1969లోనే మైనర్ల పచ్చబొట్ల చట్టం చేసి, వైద్య కారణాలతో తప్ప 18 ఏళ్ళలోపు వారికి పచ్చబొట్టు పొడవడాన్ని నేరంగా ప్రకటించింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నా అక్కడ చెల్లదు. మన దేశంలో ఈ ప్రశ్నను సాధారణ శిక్షాచట్టంలోని సమ్మతి సూత్రాల ఆధారంగానే విచారించుకోవాలి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ (పాత శిక్షాస్మృతిలో 87) ప్రకారం, మరణాన్నో తీవ్రగాయాన్నో ఉద్దేశించని చర్యకు సమ్మతించే అధికారం 18 ఏళ్ళు దాటినవారిది. 26వ సెక్షన్ (పాత 88) సమ్మతించిన వ్యక్తి మేలు కోసం సద్భావంతో చేసే పనికి రక్షణ ఇస్తుంది. 27వ సెక్షన్ (పాత 89) 12 ఏళ్ళలోపు బిడ్డ మేలు కోసం సంరక్షకుడి సమ్మతితో చేసే పనిని కాపాడుతుంది. 28వ సెక్షన్ (పాత 90) సందర్భం వేరుగా సూచిస్తే తప్ప 12 ఏళ్ళలోపు పిల్లల సమ్మతిని సమ్మతిగా పరిగణించదు. ఎవరూ ఫిర్యాదు చేయనంతటి స్వల్పహానిని 33వ సెక్షన్ (పాత 95) నేరపరిధి నుంచి తప్పిస్తుంది.

వీటిని కలిపి చదివితే ఏడాది బిడ్డ చెవికుట్టుకు సంరక్షకుడి సమ్మతి, ఆచారం, హాని స్వల్పత్వం – మూడూ అండగా నిలుస్తాయి. 15 ఏళ్ళ బాలుడి టాటూకు ఆ అండ పలచబడుతుంది. అతనికి 25వ సెక్షన్ చెప్పిన వయసు రాలేదు. 27వ సెక్షన్ వయసు దాటిపోయింది. మిగిలింది 26. దానికి "మేలు" జరగాలి. అలంకారం మేలు అవుతుందా? 30వ సెక్షన్ (పాత 92) కింద ఇచ్చిన వివరణ కేవలం ధనలాభాన్ని మేలు కాదని అంటుంది గాని సౌందర్యం గురించి పెదవి విప్పదు. న్యాయశాస్త్ర పరిశోధకులు పట్టించుకోదగిన ఖాళీ ఇది. పొడిచినవాడికి కూడా ఇది చిన్న చిక్కు కాదు. శారీరక నొప్పి కలిగించడమే "గాయపరచడం" నిర్వచనం కిందికి వస్తుంది.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) మరో కోణాన్ని తెరుస్తుంది. 8వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకులైన తల్లిదండ్రులు కూడా కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మరాదు. అమ్మితే ఆ బిడ్డ ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. గుంట భూమి విషయంలో ఇంత జాగ్రత్త తీసుకున్న చట్టం చర్మం విషయంలో అటువంటి ఏర్పాటు చేయలేదు. అమ్మిన భూమి తిరిగి రావచ్చు. పొడిపించిన పచ్చబొట్టును మేజరయ్యాక రద్దు చేయించుకోవడానికి దావా లేదు. రద్దు చేయలేని పనికి ముందే అడ్డు ఉండాలన్నది సంరక్షకత్వ తర్కమైతే, పచ్చబొట్టు విషయంలో తల్లిదండ్రులు ఇవ్వగలిగినది అనుమతి కాదు, ఆగమన్న మాట మాత్రమే. ఇష్టంగా ఒప్పుకునే తల్లిదండ్రులకు కూడా ఇదే వర్తిస్తుంది.

7. ఉద్యోగం అడిగే దేహం

బొగ్గుప్రాంతంలో దేహం కుటుంబ జీవనానికి ఆధారపత్రం వంటిది. పదో తరగతి రికార్డులో రెండు పుట్టుమచ్చలు రాసుకోవడంతో ఇది మొదలవుతుంది. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తర్వాత, వైద్యపరంగా పనికి అనర్హులైన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాల మార్గం తెరుచుకున్నది. మెడికల్ బోర్డు ముందు తండ్రి దేహం పనికిరాదని తేలాలి. ఆ తర్వాత కొడుకు దేహం పనికొస్తుందని తేలాలి. ఒక దేహం అరిగిన చోట మరో దేహం నిలబడుతుంది. ఇటువంటి ఇంట్లో కొడుకు ఒంటిమీద గుర్తు వేయించుకుంటానంటే తల్లి గుండె గుభేలుమనడంలో ఛాందసం కంటే లెక్క ఎక్కువ.

ఆ లెక్కకు ఆధారం ఉన్నది. బాయిలో కొలువు దొరకని యువకులు సైన్యం, కేంద్ర సాయుధ బలగాల వైపు చూస్తారు. సాయుధ బలగాల కానిస్టేబుల్ నియామక ప్రకటనల్లో పచ్చబొట్టుపై స్పష్టమైన నియమాలున్నాయి. మతచిహ్నాలు, పేర్లు చెల్లుతాయి. అయితే అవి ముంజేతి లోపలివైపునో అరచేతి వెనుకవైపునో ఉండాలి. ముంజేయి సెల్యూట్ చేయని ఎడమచేయి అయి ఉండాలి. పరిమాణం ఆ అవయవంలో నాలుగో వంతుకు మించరాదు. జాతరలో పదిహేనేళ్ళప్పుడు కుడి ముంజేతిపై రాయించుకున్న అమ్మ పేరు, పంతొమ్మిదేళ్ళకు వైద్యపరీక్షలో అతన్ని పక్కకు నిలబెట్టవచ్చు. ఎడమచేయి అయి ఉంటే అదే పేరు అడ్డు కాకపోయేది. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఈ తేడా ఎవరు చెబుతారు?

సైన్యం గిరిజన అభ్యర్థులకు తెగ ఆచారం ప్రకారం ఉన్న పచ్చబొట్ల విషయంలో వెసులుబాటు ఇస్తుంది. సమూహం వేసిన గుర్తును రాజ్యం గౌరవిస్తుంది. వ్యక్తి తనకు తాను వేసుకున్న గుర్తును అనుమానిస్తుంది. గోదావరిఖని ఇంట్లో తండ్రి చేసేది కూడా సరిగ్గా ఇదే.

8. ఇంట్లో జరగవలసిన మాట

భారతదేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును పిల్లలకు ఇస్తుంది. వయసుకూ పరిణతికీ తగిన విలువ ఆ అభిప్రాయానికి ఇవ్వాలంటుంది. వినడం అంటే ఒప్పుకోవడం కాదు. వినకుండా కాదంటే మాత్రం ఏమవుతుందో తల్లిదండ్రులకు తెలిసిందే. రెండేళ్ళకొకసారి గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరలో స్నేహితులతో పోయి చేయి చాపితే పని నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో మాట మూసుకుపోయిన చోట సిరాగిన్నె తెరుచుకుంటుంది.

పద్నాలుగేళ్ళ అమ్మాయి చెవి తమ్మెకు రెండో కుట్టు అడిగితే ఇంట్లో కెలాయిడ్ చరిత్ర లేకుండా, శుభ్రమైన చోట, ఒక్కసారి వాడే సూదితో వేయించడానికి తల్లి అడ్డు చెప్పవలసిన పని లేదు. ఆ కుట్టు మానేవరకు చూసుకోగల బాధ్యత ఆ అమ్మాయికి ఉన్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న. అమెరికా శిశువైద్యుల సంఘం తల్లిదండ్రులకు ఇచ్చే సలహా కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అదే అమ్మాయి చెవి పైభాగానికి కుట్టు కావాలంటే మృదులాస్థి సంగతి చెప్పి ఆపడం మంచిది. ముక్కు కుట్టించుకోనంటే ఆమె మాటే చెల్లాలి. శిశువు చెవికుట్టు విషయంలో కుటుంబాలు వేడుక మానుకుంటాయని ఆశించలేం, మానుకోనక్కరలేదు కూడా. కుట్టేవారు చేతులు కడుక్కున్నారో లేదో మేనమామ చూస్తే చాలు.

పచ్చబొట్టుకు 18 ఏళ్ళు ఆగమని చెప్పేటప్పుడు కారణాలు చెప్పగలగాలి. "మన ఇంటా వంటా లేదు" అన్నది కారణం కాదు, అమ్మమ్మ గడ్డం మీది చుక్కలే దాన్ని అబద్ధం చేస్తాయి. ఉద్యోగ ప్రకటనలోని నియమం చదివి వినిపించవచ్చు. తండ్రి తన మోచేతి నీలిమచ్చను చూపి అది ఎలా పడిందో, ఇన్నేళ్ళయినా ఎందుకు పోలేదో చెప్పవచ్చు. చర్మం గురించిన పాఠం ఈ ప్రాంతంలో పుస్తకంలో వెతకనక్కరలేదు.

అప్పటికే పొడిపించుకొని వచ్చిన పిల్లల విషయంలో మొదటి పొరపాటు కొట్టడం. రెండోది ఇంకా ప్రమాదకరం: సున్నంతోనో యాసిడ్‌తోనో కాల్చి చెరపబోవడం. దానివల్ల పచ్చబొట్టు పూర్తిగా పోదు, పైగా కాలిన మచ్చ మిగులుతుంది. గాయాన్ని సబ్బునీటితో కడిగి పొడిగా ఉంచాలి. ఎర్రబారడం, చీము, జ్వరం కనిపిస్తే వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. అందరికీ వాడిన సూదితో పొడిచారని తెలిస్తే వైద్యుడు సూచించిన కాలానికి హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించాలి. హెపటైటిస్ బికి టీకా ఉన్నది, సికి లేదు. ఏ రోజున, ఎక్కడ, ఎంతమందితో కలిసి పొడిపించుకున్నారో వైద్యుడు అడుగుతాడు. ఆ వివరం చెప్పగలిగేది పిల్లవాడొక్కడే. కొట్టిన ఇంట్లో అతను నిజం చెప్పడు.